పినాకినీతీరమున జీర్ణోద్ధారణము: పెరుమాళ్ళపాడు, ఉదయగిరి ఆలయముల వృత్తాంతము



కర్ణాటదేశమున నందిపర్వత ప్రాంతమున జన్మించిన పినాకిని, రాయలసీమను దాటి, వెలిగొండల సందున మార్గము చేసికొని, సోమశిల యొద్ద నెల్లూరు సీమలో అడుగిడుచున్నది. అంతవరకు కొండల నడుమ ఒదిగి ప్రవహించిన నది అచ్చటినుండి ఇసుకమేటలతో విశాలమై, ఆత్మకూరు ప్రాంతమును, సంగమును, నెల్లూరును దాటి సముద్రమును చేరును. ఈ తీరమున శివాలయములు లేని గ్రామము అరుదు. సోమశిలలో సోమేశ్వరుడు, సంగములో సంగమేశ్వరుడు, జొన్నవాడలో కామాక్షీసమేత మల్లికార్జునుడు. నది ఎచ్చట వంపు తిరిగిన అచ్చట ఒక లింగము, ఒక రావిచెట్టు, ఒక రేవు.

సోమశిల యను పేరుతో తెలుగుదేశమున రెండు గ్రామములు కలవు. ఒకటి పెన్నాతీరమున నున్న ఈ సోమశిల. రెండవది కృష్ణాతీరమున, తెలంగాణములోని కొల్లాపురము సమీపమున నున్నది. రెండింటను సోమేశ్వరుడే కొలువైయున్నాడు. రెండింటి చరిత్రను ఆనకట్టలే మార్చివేసినవి. కృష్ణపై శ్రీశైలము ప్రాజెక్టు కట్టగా అచ్చటి సోమశిల ఆలయములు జలాశయపు ముంపులో పడినవి. వానిని విప్పి ఎగువన పునర్నిర్మించిరి. పెన్నపై ఈ సోమశిల యొద్ద 1989 నాటికి జలాశయము సిద్ధమయ్యెను. 78 టి.ఎం.సి.ల నీరు నిలువగల ఆ జలాశయపు వెనుక, కడప జిల్లాలోని పలు గ్రామములు ముంపునకు గురియైనవి. ఊరు కదలినచో ఊరి గుడియు కదలవలసినదే గదా. గుడి యనునది ఇంటివలె ఎచ్చటికైన మార్చుకొనదగిన వస్తువా, కాదా యను ప్రశ్న ఈ ప్రాంతీయులకు పండితచర్చ కాదు, అనుభవము.

ఆ ప్రశ్న 2020 జూన్ మాసమున మరియొక రూపమున ఎదురయ్యెను. ఆత్మకూరు ప్రాంతములోని చేజర్ల మండలమున, పెరుమాళ్ళపాడు గ్రామము చెంత, పెన్నానదిలో ఇసుక త్రవ్వుచుండగా ఒక ప్రాచీనాలయపు ఊర్ధ్వభాగము బయటపడినది. అది నాగేశ్వరస్వామి ఆలయము. ఇసుకలో గుడి యున్నదని గ్రామవృద్ధులు ముందునుండియు చెప్పుచుండినదే. వారి మాట వినియున్న యువకులు పూనుకొని వెదకగా గుడి కనబడెను. పెన్న తన మార్గమును మార్చుకొనుచు రాగా, 1850 ప్రాంతపు వరదలలో ఇది ఇసుకలో మునిగియుండునని పురావస్తుశాఖ వారి అంచనా. పరశురాముడు ప్రతిష్ఠించిన నూటొక్క శివలింగములలో ఇది యొకటియని గ్రామస్థుల విశ్వాసము. నూటయేబది సంవత్సరములకు పైగా పూజ లేదు, దీపము లేదు, గంట లేదు. అయినను ఒక తరము మరియొక తరమునకు చెప్పిన మాటలో ఆలయము సజీవముగనే యుండెను. చరిత్రకారులకు శాసనము ప్రమాణము. ఇచ్చట జనశ్రుతియే శాసనమైనది.

గుడి కనబడిన మరుక్షణమున రెండు కోరికలు పుట్టినవి. గ్రామస్థులు తిరిగి గుడి కట్టుకొని పూజలు జరుపుకొందుమనిరి. పురావస్తుదృష్టి కలవారు ఉన్నదానిని ఉన్నట్లు రక్షింపవలెననిరి. రెండును ధర్మబద్ధములే. కాని "తిరిగి కట్టుట" యనగా నేడు సామాన్యముగ జరుగుచున్న దేమి? పాతదానిని యంత్రముతో పెకలించి, సిమెంటు స్తంభములు పోసి, గ్రానైటు పలకలు పరచి, రంగులు వేసి, దాత పేరు పాలరాతిపై చెక్కించుట. దానిని జీర్ణోద్ధారణమని ఆహ్వానపత్రికలలో అచ్చువేయుదురు. శాస్త్రము జీర్ణోద్ధారణమని దేనిని పిలిచినదో విచారించినచో ఆ పత్రికలు కొన్ని సిగ్గుపడవలసివచ్చును.

శిల్పాగమములలో ప్రసిద్ధమైన మయమతము ఈ విషయమునకు ఒక ప్రత్యేకాధ్యాయమునే కేటాయించినది. దానిని అనుకర్మవిధానమందురు. పేరులోనే భావమున్నది. పూర్వము జరిగిన కర్మను అనుసరించి చేయునది అనుకర్మ. క్రొత్తగా తోచినట్లు చేయునది కాదు. ప్రధానాంగములును ఉపాంగములును గుర్తింపదగినట్లు మిగిలియున్న ఆలయమును, దాని స్వద్రవ్యముతోనే బాగుచేయవలెనని ఆ గ్రంథాభిప్రాయము. ఇటుక గుడికి ఇటుక, రాతి గుడికి రాయి, దారువునకు దారువు. ఏదేని అంగము లోపించినచో, దానిని పూరించునపుడు ఆలయము తన సమగ్రతను తిరిగి పొందునట్లు చేయవలెనే గాని, రూపము మారునట్లు చేయరాదు. 1964లో పాశ్చాత్యదేశముల నిపుణులు వెనిస్ నగరమున సమావేశమై స్మారకరక్షణకు ఒక నియమావళిని వ్రాసికొనిరి. మూలద్రవ్యమును గౌరవింపుడు, ఊహ మొదలైనచోట మరమ్మతు ఆగిపోవలెను అను దాని సారమును చదివినవారికి మన స్థపతుల మాట గుర్తుకు రాకమానదు.

అయితే ఒక ముఖ్యభేదము కలదు. వెనిస్ నియమావళికి కట్టడమే ప్రధానము. ఆగమమునకు కట్టడము దేహము. అందు ఆవాహితమైన దేవతాకళ ప్రాణము. దేహమునకు చికిత్స జరుగునపుడు ప్రాణమునకు బాధ కలుగరాదు. అందుకై ఏర్పడినదే బాలాలయవిధానము. గర్భాలయమున శిల్పులు ప్రవేశించుటకు ముందు మూలమూర్తియందలి కళను కుంభమున ఆకర్షించి, సమీపమున నిర్మించిన తాత్కాలికమైన చిన్న ఆలయమునందలి బింబమున నిలుపుదురు. శైవులు దీనిని తరుణాలయమని కూడ వ్యవహరింతురు. నిత్యార్చన ఒక దినమైనను ఆగదు. పని ముగిసిన పిమ్మట సంప్రోక్షణతో కళను మూలమూర్తియందు తిరిగి చేర్తురు. తిరుమలలో పన్నెండు సంవత్సరముల కొకమారు జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము ఇట్టిదే. ఇటీవల 2018 ఆగస్టు 12 నుండి 16 వరకు జరిగినది. మూలమూర్తి పీఠమును బంధించు అష్టబంధము కాలక్రమమున సడలును గనుక దానిని తిరిగి కూర్చుట అందలి ముఖ్యప్రయోజనము. అనగా మరమ్మతు అనునది గుడి పడిపోయిన తరువాత చేయునది కాదు. అది పంచాంగములో చేరిన విధి.

జపానుదేశమున ఇసే పుణ్యక్షేత్రములో ప్రధానాలయమును ఇరువది సంవత్సరముల కొకసారి ప్రక్కస్థలమున క్రొత్త దారువుతో యథాతథముగ నిర్మించి దైవమును అందు ప్రవేశపెట్టుదురు. ఏడవ శతాబ్దినుండి వచ్చుచున్న ఆ ఆచారము 2013లో అరువది రెండవ పర్యాయము జరిగెను. అందు ఒక్క కొయ్యయు ప్రాచీనము కాదు. కాని కొలత ప్రాచీనము, పనితనము ప్రాచీనము, ఆరాధన అవిచ్ఛిన్నము. వడ్రంగులు ఇరువది ఏండ్లకొకమారు ఆ పని చేయుచుండుటచే విద్య చేతినుండి చేతికి అందుచున్నది. మన రాతిగుళ్ళు అట్లు కట్టినవి కావు గనుక మనము వారిని అనుకరింపనక్కరలేదు. కాని మన స్థపతుల కుమారులు ఇతర ఉద్యోగములకు పోవుచున్న ఈ కాలమున ఆ మాట మనసున నాటదగినది.

ఇక లింగము విషయము. స్వయంభువులు, దైవికములు, ఆర్షములు, మానుషములు అని లింగములకు భేదము చెప్పబడినది. మానుషప్రతిష్ఠితమైన లింగము జీర్ణమైనచో విధిపూర్వకముగ దానిని తొలగించి మరియొకదానిని ప్రతిష్ఠింపవచ్చును. ఋషిప్రతిష్ఠితమైనది జీర్ణమైనను భగ్నమైనను దానిని కదల్పరాదు. అగ్నిపురాణములోని జీర్ణోద్ధారప్రకరణమున ఈ నిషేధము స్పష్టముగ కలదు. పెరుమాళ్ళపాడు ప్రజలు తమ స్వామిని పరశురామప్రతిష్ఠితునిగ విశ్వసించుచున్నారు. ఆ విశ్వాసమును వారు నిజముగ పాటించినచో, క్రొత్త గుడికొరకు ఆ లింగమును ఇంచుకయైనను జరుపుటకు వారికే అధికారము లేదు. భక్తులును పురావస్తువేత్తలును తెలియకయే ఒకేచోట నిలిచియున్నారు.

మరి నది మాటయేమి? అదే ప్రకరణమున మరియొక విషయము చెప్పబడినది: నదీప్రవాహాదులచేత లింగము తన స్థానమునుండి తొలగింపబడినచో విధ్యుక్తకర్మతో అన్యత్ర ప్రతిష్ఠింపవచ్చును. ఈ అనుమతిని చూపి స్థలము మార్చుదమనువారు ఉందురు. కాని సూక్ష్మము గ్రహింపవలెను. శాస్త్రము చెప్పినది నది లింగమును స్థానభ్రష్టము చేసినప్పటి మాట. పెరుమాళ్ళపాటిలో నది గుడిని కప్పినదే గాని పెకలించలేదు. ఇసుక తొలగినచో గుడి తన చోటనే యున్నది. ఒక విధముగ ఆ ఇసుకయే దానికి కవచమైనది. ఎండవానలకు, రంగులకు, మేకులకు, క్రొత్త దాతల ఉత్సాహమునకు అందక కాపాడినది.

అయితే భయము నిరాధారము కాదు. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరంతయు పెన్నలో కలిసి సోమశిలకు చేరెను. జలాశయమునుండి ఐదు లక్షల క్యూసెక్కులకు మించిన నీటిని విడువవలసివచ్చినది. ఆ వేగమునకు ఆనకట్ట దిగువనున్న కట్టుబడియే దెబ్బతిన్నది. సోమశిలకు దిగువన నదీగర్భమున నున్న ఏ కట్టడమునకైనను అదే ప్రవాహము ఎదురగును. కనుక త్రవ్వి వదలివేయుట త్రవ్వకుండుటకంటె పాపము. ఇసుకలో సురక్షితముగ నున్నదానిని వెలికిదీసి, గోడకట్టు లేక, రాతికట్టడపు రక్షణ లేక, మరుసటి వరదకు అప్పగించుట గుడికి చేసిన సేవ యనిపించుకొనదు. గట్టు రక్షణ ముందు, పునాది పరీక్ష ముందు, కొలతలు చిత్రములు నమోదు ముందు. కుంభాభిషేకపు ముహూర్తము ఆ తరువాత.

ద్రవ్యవిషయమున మరికొంత చెప్పవలసియున్నది. ఆంధ్రదేశపు గ్రామాలయములలో ఎన్నియో ఇటుకతోను, గానుగలో నూరిన సున్నముతోను కట్టినవే. ఆ సున్నమున బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపుట పాతకాపు మేస్త్రీలకు తెలిసిన విద్య. సున్నపు గచ్చు ఊపిరి పీల్చును. వాన తడి గోడలోనికి ప్రవేశించినను ఆ గచ్చుద్వారా మెల్లగ ఆరిపోవును. గోడ కొద్దిగ కదలినను సున్నము దానితో సర్దుకొనును. దానిపై సిమెంటు పూసినచో తడి బయటకు పోవు మార్గము మూతపడును. లోపల నిలిచిన నీరు ఇటుకలోను రాతిలోను ఉన్న లవణములను కరగించి, అవి గట్టిపడునపుడు రాతిపొరలు పెళ్ళలుగ ఊడిపోవును. పదేండ్లలో "పాతరాయి గదా, పుచ్చిపోయినది" అందురు. రాయి పుచ్చలేదు; దానికి ఊపిరాడకుండ చేసిరి. నూనెరంగులు పూసిన విగ్రహముల గతియు అంతే. ఇసుకను గాలియొత్తిడితో చిమ్మి రాతిని శుభ్రపరచు పద్ధతి మరింత ఘోరము. నల్లదనము పోవుటతోబాటు శిల్పి ఉలిగాటును, శాసనపు అక్షరముల అంచును పోవును.

ఇది మనకే పట్టిన దోషము కాదు. గ్రీసుదేశమున ఏథెన్సు నగరపు పార్థెనాన్ దేవాలయమును ఇరువదవ శతాబ్దారంభమున ఇనుపకమ్ములతో బిగించి బాగుచేసిరి. ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బి, పాలరాతిని లోపలినుండి చీల్చినది. తరువాతి తరమువారు ఆ ఇనుమునంతయు ఊడదీసి టైటానియము కడ్డీలు వేయవలసివచ్చెను. ప్రాచీనులు కమ్ములకు సీసపు పూత పోసినదెందుకో మరమ్మతు చేసినవారు గమనింపలేదు.

శ్రీకాళహస్తి రాజగోపురము కథ తెలుగువారందరు ఎరిగినదే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురము 2010 మే 26వ తేది రాత్రి కుప్పకూలెను. గోడలలో పగుళ్ళు ఎంతోముందుగనే కనబడినవి. వానిని చూచినవారు కలరు, చెప్పినవారు కలరు. ఆ స్థలమున క్రొత్త గోపురము లేచి 2017 జనవరిలో కుంభాభిషేకము జరిగినది. భక్తులకు అది ఆనందమే. కాని రాయలనాటి గోపురము రాలేదు, రాజాలదు. దాని ప్రతిరూపము వచ్చినది. అష్టబంధమునకు పంచాంగములో తిథి యుంచిన సంప్రదాయము గోపురపు పునాదికి ఎందులకు ఉంచలేదో ఆలోచింపవలసినదే.

ఆ కాళహస్తి గోపురమునకు రెండేండ్లు ముందు అదే రాయలు ఈ సోమశిల సీమలోనే యుండెను. పెన్నకు ఉత్తరమున నున్న ఉదయగిరి దుర్గము అప్పుడు గజపతుల వశమున నుండినది. పర్వతము ఎత్తు, మార్గములు ఇరుకు. దీర్ఘకాలపు ముట్టడి పిమ్మట 1514లో దుర్గము రాయలకు చిక్కెను. ప్రతాపరుద్ర గజపతి బంధువైన తిరుమల రౌతరాయడు బందీయయ్యెను. విజయానంతరము రాయలు ఉదయగిరిలోని బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు తరలించి, అచ్చట ప్రత్యేకముగ కృష్ణస్వామి ఆలయమును కట్టించి 1515 ప్రాంతమున ప్రతిష్ఠించెను. ఆ ఆలయమునందలి శాసనము ఈ వృత్తాంతమునకు సాక్షి.

దీనిని కొందరు విజయచిహ్నమందురు, కొందరు భక్తియందురు. రాజనీతిలో రెండును ఒకటే కావచ్చును. కాని ఉదయగిరి గుడి దృష్టితో చూచినచో జరిగినది వేరు. దేవుడు తరలిపోయెను; గుడి మిగిలెను. అర్ధశతాబ్ది గడచెను. 1565లో విజయనగరము పతనమైనది. కృష్ణస్వామి ఆలయమును పాడుపడెను. నేడు హంపీలో ఆ మహాప్రాకారమును, శిల్పపూరితములైన స్తంభములను యాత్రికులు చూచి ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు, గర్భాలయము శూన్యము. ఆ బాలకృష్ణుడు చెన్నైలోని ప్రభుత్వ సంగ్రహాలయమున నున్నాడు. ఉదయగిరిలో ఇల్లున్నది, హంపీలో ఇల్లున్నది, స్వామి ఉన్నచోట మాత్రము ఇల్లు లేదు. దీపమునకు బదులు విద్యుద్దీపము, నైవేద్యమునకు బదులు వివరణఫలకము. సంగ్రహాలయము వారిని నిందించుటకు వీలులేదు. వారు రక్షింపనిచో ఆ మూర్తి ఏ దేశపు వేలములోనో తేలియుండెడిది. ఆగమదృష్టితో నది మూర్తి కాదు, శిల. చరిత్రదృష్టితో నది అమూల్యశిల్పము. భక్తునికి ఏమి యనవలెనో తోచదు. సంగ్రహాలయములో ఆయన యెదుట చేతులు జోడించు పల్లెటూరి స్త్రీకి మాత్రము ఈ మూడు భేదములతో పనిలేదు.

ఉదయగిరి పట్టణమున బాలకృష్ణస్వామి ఆలయము, రంగనాయకస్వామి ఆలయము, కొండపై ఉత్తరకాలపు మసీదులు, కోటగోడలు, కోనేరులు శిథిలావస్థలో చెదరియున్నవి. ఇట్టి కట్టడములను ఏమి చేయవలెను? మొదట వినవచ్చు మాట: "మరల ప్రతిష్ఠచేసి పూజలు మొదలుపెట్టుదము." ఆశ మంచిదే. కాని ప్రతిష్ఠ ఒక దినపు ఉత్సవము కాదు. నిత్యార్చన, నైవేద్యము, అర్చకుని జీవనము, పక్షమాసోత్సవములు శాశ్వతముగ జరుగునను భరోసా లేక ప్రతిష్ఠించుట దోషమని ఆగమములన్నియు ఘోషించుచున్నవి. ఒక్కనాడు పూజించి మరునాడు తాళమువేయు గుడికంటె శూన్యాలయమే గౌరవప్రదము. రక్షితస్మారకములలో చట్టపు అవరోధమును కలదు. 1958 నాటి కేంద్రచట్టము ప్రకారము రక్షితమైన దేవాలయమును దాని స్వభావమునకు విరుద్ధమైన ప్రయోజనములకు వినియోగింపరాదు. రక్షణలోనికి తీసికొన్ననాడు పూజ ఉన్నచోట పూజ సాగును. లేనిచోట క్రొత్తగా అనుమతింపకుండుట పురావస్తుశాఖవారి ఆచారము. 2010 సవరణతో నూరు మీటర్లలోపల నిర్మాణములు నిషిద్ధములైనవి, దానిపై మరి రెండువందల మీటర్లు నియంత్రితములైనవి. పెరుమాళ్ళపాటివంటి గ్రామస్థులు "ప్రభుత్వమునకు చెప్పినచో మన గుడికి తాళము పడును" అని శంకించుటకు ఇదియే కారణము. ఆ శంకను అజ్ఞానమని కొట్టివేయుట ఉచితము కాదు. దానివలననే ఎన్నియో శాసనశిలలు అధికారులకు తెలియకముందే పునాదులలో కలిసిపోవుచున్నవి.

పూజయు కాదు, తాళమును కాదు అను మూడవమార్గము లేదా? మన చరిత్రలోనే కలదు. ఆలయమనగా గర్భగృహము మాత్రమే కాదు. మండపములు, ప్రాకారములు, మఠములు ఆనాటి సంఘమునకు విద్యాశాలలు, వైద్యశాలలు, సత్రములు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపురశాసనము ఇందుకు ఉజ్జ్వలోదాహరణము. గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశంభువునకు లభించిన గ్రామముల ఆదాయముతో ఆలయము, మఠము, అన్నసత్రములతోబాటు విద్యాశాలయు, ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు నడచినవి. ఎనిమిది శతాబ్దుల క్రిందట ఆలయసంస్థ యొక్క ధనముతో ప్రసూతివైద్యము! కాంచీపురమండలములోని తిరుముక్కూడలు వేంకటేశ పెరుమాళ్ ఆలయమున పదునొకండవ శతాబ్దిలో వీరరాజేంద్రచోళుని కాలపు శాసనము 15 పడకల వైద్యశాలను, వేదపాఠశాలను వర్ణించుచున్నది. పల్నాటిలోని చేజెర్ల కపోతేశ్వరాలయము మరియొక విధమైన దృష్టాంతము. గజపృష్ఠాకారమైన ఆ ఇటుక కట్టడము తొలుత బౌద్ధచైత్యమై యుండి పిదప శివాలయమైనదని అనేక చరిత్రకారుల మతము. (పెరుమాళ్ళపాడున్న చేజర్లయు, ఈ చేజెర్లయు వేరు, పేర్లు దగ్గరవగుటచే యాత్రికులు పొరబడుట కలదు.) ఆ పరిణామమువలననే ఆ గజపృష్ఠము పదునైదు శతాబ్దులకు పైగా నిలిచినది. పూజ మారెను గాని పైకప్పు మీద మొలచిన రావిమొక్కను పీకువాడు ఎల్లప్పుడును ఒకడుండెను. వినియోగమే కట్టడమునకు ఆయువు. మొక్కను పీకువాడు లేని గుడిని ఏ చట్టమును నిలుపజాలదు.

కనుక ఉదయగిరివంటి చోట్ల గర్భాలయమును శూన్యముగనే గౌరవించి, మండపములను ప్రాకారములను సాత్త్వికవినియోగమునకు తెచ్చుట శాస్త్రమునకు గాని చట్టస్ఫూర్తికి గాని విరుద్ధము కాదు. స్థానికశాసనముల పాఠములు వ్రాసిన ఫలకములు, వేదపారాయణము, పురాణప్రవచనము, విద్యార్థులకు ప్రాచీనలిపి పాఠములు. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు కళ ఇంకను జీవించియున్నది. ఆ హస్తకళాకారులకు ప్రాకారము వెలుపల నీడ కల్పించుటయు దోషము కాదు. వినోదవిహారములు, మద్యమాంసములు చేరు విశ్రాంతిగృహములు, రంగురంగుల దీపముల నాట్యము మాత్రము తగవు. రాజస్థానమునందలి కోటలను విలాసవసతిగృహములుగ మార్చిన పద్ధతి రాజగృహములకు చెల్లునేమో గాని, దేవుడు నిలిచిన చోటికి చెల్లదు. దేవుడు వెడలిపోయినను ఆ చోటు ఆయన ఇల్లే.

నిలువక తప్పనిచోట తరలింపు ఎట్లు జరుగవలెనో తెలుగుదేశమే లోకమునకు చూపినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరుగుటకు ముందు, 1954లోనే నాగార్జునకొండ లోయలో విస్తారమైన త్రవ్వకములు ఆరంభమైనవి. ముంపునకు ముందే ప్రతి ఇటుకను లెక్కించి, ముఖ్యమైన కట్టడములను కొండపైనను, అనుపులోను పునర్నిర్మించిరి. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయములను కోసి పైకెత్తినది 1964 తరువాత. శ్రీశైలము ముంపులో పడవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయికి అంకెవేసి అలంపురమునకు చేర్చిరి. నేడు దానిని చూచినవారు అది అచ్చటనే పుట్టినదనుకొందురు. కొలత తప్పలేదు, రాయి మారలేదు. ఒక్క సంగమము మాత్రము లేదు. సంగమేశ్వరుని చూచుచు సంగమము ఏదియని యాత్రికుడు అడుగును.

పూజ సాగుచున్న ఆలయములలో ఆధునికసౌకర్యములపై వివాదము కూడ ఇదే సూత్రముతో తెగును. వృద్ధులకు చేతికడ్డీలు, వికలాంగులకు వాలుబాట, త్రాగునీరు, శౌచాలయములు, వేసవిలో నీడ కావలసినవే. భక్తుని బాధపెట్టుట ఏ ఆగమమును కోరలేదు. కాని అవి ప్రాకారము వెలుపల, రాతికి మేకుకొట్టక, తిరిగి తీయుటకు వీలైనట్లు ఉండవలెను. గర్భాలయమున శీతలయంత్రము బిగించి, దాని నీటిగొట్టమును శాసనమున్న గోడమీదుగ దింపిన దృశ్యములు జిల్లాలో అరుదు కావు. అర్చకుడు చెమటోడ్చుచు చేయు అభిషేకములో లోపమేమియు లేదు.

నెల్లూరు జిల్లా శాసనములను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి యను ఇరువురు అధికారులు సేకరించి 1905లో మూడు సంపుటములుగ మదరాసున ప్రకటించిరి. తాలూకాలవారీగ, గ్రామములవారీగ, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతపు గుళ్ళలోని శిలలపై ఏమి వ్రాసియున్నదో వారు నమోదుచేసినారు. ఆ సంపుటములు చేతబట్టి గ్రామగ్రామము తిరిగి, ఏ శిల నేటికి నిలిచియున్నది, ఏది గ్రానైటు పలకల క్రింద దాగినది, ఏది సిమెంటు గోడలో కలిసినదో చూచి వ్రాయుట ఒక వేసవిసెలవులో ఐదారుగురు విద్యార్థులు చేయగల పని. సోమశిలనుండి పెన్నగట్టు వెంట దిగువకు నడచినచో మొదటివారముననే సగము గుళ్ళు ముగియును.